పని మానకుండా డిగ్రీ పూర్తి చేయడం ఎలా?

ఆదోనిలో పత్తి మిల్లులో పద్దులు రాస్తూనే నేను బీకాం పూర్తి చేశాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఎవరు కలిసినా అడిగేది ఒకటే. "అన్నా, పని చేసుకుంటా డిగ్రీ చదవల్లంటే యాడ చేరాల? ఎట్ల చదవాల?" మార్కెట్ యార్డులో కాటా దగ్గర చీటీలు రాసే పిల్లవాడు అడిగాడు. సచివాలయంలో పనిచేసే మా వీధి అమ్మాయి అడిగింది. ఎమ్మిగనూరులో మగ్గం వదిలి సెల్‌ఫోన్ షాపులో చేరిన మా అక్క కొడుకు అడిగాడు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతుంటే అందరికీ ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. పనిచేస్తూ చదివేవాళ్ల డిగ్రీ మధ్యలో ఆగేది పాఠం అర్థంకాక కాదు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది తేదీ దాటిపోయి ఆగిపోయారు, లేదంటే ఇవ్వాల్సిన కాగితం ఇవ్వక ఆగిపోయారు. కాబట్టి ఇందులో పాఠాల సంగతి తక్కువ, కాగితాల సంగతి ఎక్కువ. నేను చదివింది దూరవిద్యలో, ఇగ్నోలో. ఇగ్నో అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉదాహరణలు అక్కడివే. మీరు వేరే యూనివర్సిటీలో చేరితే తేదీలు, మార్కుల లెక్క మారతాయి, నడవాల్సిన దారి మాత్రం ఇంచుమించు ఇదే.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- పదో తరగతి మెమో, ఇంటర్ మెమో. ఒరిజినల్‌తో పాటు నీట్‌గా తీసిన స్కాన్ కాపీలు.
- ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు. ఆ సిమ్ ఇప్పుడు పనిచేస్తుండాలి.
- కులం సర్టిఫికెట్, పాస్‌పోర్టు సైజు ఫోటో, తెల్లకాగితం మీద చేసిన సంతకం.
- మీ సొంత ఈమెయిల్. నెట్ సెంటర్ వాళ్లది ఇవ్వద్దు. హాల్ టికెట్ కబురు వాళ్లకు పోతే మీకు ఎవరు చెబుతారు?
- ఒక అట్ట ఫైలు, ఒక పొడుగు నోటుబుక్కు, గోడకు ఒక పెద్ద క్యాలెండరు.
- ఇంట్లోవాళ్ల ఒప్పుదల. రోజూ గంటన్నర మిమ్మల్ని ఎవరూ పిలవకూడదు. ఇది ముందే మాట్లాడుకోండి.

ఇంటర్ లేనివాళ్లు ముందుగా ఏపీ ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పూర్తి చేయండి. "ఇంటర్ అక్కర్లేదు, నేరుగా డిగ్రీ ఇప్పిస్తాం" అనేవాళ్ల వెంట వెళ్లకండి. రేపు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఇంటర్ మెమో ఏదని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

ప్రభుత్వ ఉద్యోగులు, సచివాలయం సిబ్బంది చేరకముందే పై అధికారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు.

1. ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో మీ కళ్లతో చూడండి

దూరవిద్య డిగ్రీలకు అనుమతి ఇచ్చేది యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం)లోని దూరవిద్య బ్యూరో. డీఈబీ అంటారు. ఏ యూనివర్సిటీ, ఏ సంవత్సరంలో, ఏ సెషన్‌లో (జనవరిదా, జూలైదా), ఏ కోర్సు నడుపుకోవచ్చో దాని వెబ్‌సైటులో జాబితా ఉంటుంది. ఈ నాలుగూ కలిపి చూడాలి. అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. కడపలో 2006 నుంచి యోగి వేమన, కర్నూలులో 2008 నుంచి రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. యూనివర్సిటీ ఎంత పేరున్నదైనా, మీరు చేరబోయే సంవత్సరానికి, మీరు చదవబోయే కోర్సుకు దూరవిద్యలో అనుమతి ఉందో లేదో విడిగా చూసుకోవాల్సిందే.

గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది. "ప్రైవేటుగా చదివిన డిగ్రీకి విలువ లేదు" అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. కానీ ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా, వ్యవసాయం డిగ్రీలు దూరవిద్యలో అసలు లేవు. ఇస్తామన్నవాళ్లు అబద్ధం చెబుతున్నట్టే.

ఇంకొకటి గట్టిగా చెబుతాను. మా మిల్లులో పనిచేసే ఒకతను ఒక కన్సల్టెన్సీకి రెండు విడతలుగా డబ్బు కట్టాడు. "మూడేళ్ల డిగ్రీ ఏడాదిలో వస్తుంది, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం" అన్నారట. చేతికి మంచి దళసరి కాగితం మీద బంగారు రంగు ముద్రతో సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగానికి వెళ్లినచోట వెరిఫికేషన్‌కు పంపితే ఆ నంబరుతో విద్యార్థే లేడని జవాబు వచ్చింది. పోయింది డబ్బు ఒక్కటే కాదు. దొంగ సర్టిఫికెట్ పెట్టాడన్న మాట పడ్డాడు. మూడేళ్ల డిగ్రీ ఏడాదిలో రాదు. దూరవిద్యను ఫ్రాంచైజీకి ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. ఫీజు యూనివర్సిటీ పోర్టల్‌లోనే కట్టండి. మనిషి చేతికి గానీ, అతని ఫోన్‌పే నంబరుకు గానీ కట్టకండి.

2. పేరు అన్నిచోట్లా ఒకేలా ఉండేట్టు చూసుకోండి

దీన్ని చిన్న పని అనుకుని దాటేస్తారు. తర్వాత నెలల తరబడి తిరుగుతారు.

2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే డీఈబీ ఐడీ ఉండాలి. అది రావాలంటే ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (మన చదువు లెక్క దాచే ప్రభుత్వ ఖాతా) ఐడీ కావాలి. దాన్ని డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆధార్‌తో తీసుకోవచ్చు, 12 అంకెలు ఉంటుంది. రెండూ ఫోన్‌లో మీరే చేసుకోగలరు. చిక్కు అంతా పేరు దగ్గరే వస్తుంది. మన వైపు పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా రాస్తారు. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివర ఒక్క అక్షరమై కూర్చుంటుంది, లేదా అసలే ఉండదు. పెళ్లైన ఆడవాళ్లకు ఆధార్‌లో మెట్టినింటి పేరు, మెమోలో పుట్టింటి పేరు ఉంటాయి.

మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి ఒక్కో ఇంగ్లీషు అక్షరం సరిచూడండి. తేడా ఉంటే పదో తరగతి మెమోను ప్రమాణంగా తీసుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మొత్తం మీద రెండుసార్లే. కాబట్టి ఆధార్ సెంటర్‌లో ఆపరేటర్ టైపు చేసినది స్క్రీన్ మీద మీరే చదివి, సరిపోయిందంటేనే ఒప్పుకోండి.

సరిచూసుకునే విధానం: డీఈబీ ఐడీ వచ్చాక అందులో కనబడే పేరు, మెమోలోని పేరు చదివి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అడ్మిషన్‌కు వెళ్లకండి. ఆధార్ మారాక మళ్లీ చూడండి.

3. మీ పని కాలాన్ని బట్టి పరీక్షలు ఎంచుకోండి

ఇగ్నోలో జనవరి, జూలై అని రెండు అడ్మిషన్లు. పరీక్షలు కూడా రెండుసార్లే, జూన్‌లో, డిసెంబరులో. మూడేళ్ల డిగ్రీని పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఆరేళ్లు ఇస్తారు. ఒకసారి రాయని పేపరు తర్వాత రాసుకోవచ్చు. పనిచేసేవాళ్లకు ఇంతకు మించిన వెసులుబాటు లేదు. దీన్ని తెలిసి వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ.

నా సంగతే చెబుతాను. అక్టోబరు నుంచి ఆదోని యార్డుకు పత్తి బండ్లు మొదలవుతాయి. డిసెంబరులో రాత్రి పదింటికి కూడా తూకం చీటీలు తెగవు. నేను మొదటి ఏడాది డిసెంబరుకు నాలుగు పేపర్లకు ఫీజు కట్టి రెండే రాయగలిగాను. ఆ తర్వాత డిసెంబరుకు ఒకటి, జూన్‌కు ఎక్కువ పెట్టుకున్నాను. వేసవిలో మిల్లు మెల్లగా నడుస్తుంది కదా.

మీ లెక్క వేరుగా ఉంటుంది. అనంతపురం వైపు సేద్యం ఉన్నవాళ్లకు జూన్, జూలైలో వేరుశనగ విత్తనం పని. వాళ్లకు డిసెంబరే మేలు. ప్రొద్దుటూరు బట్టల షాపుల్లో, బంగారు షాపుల్లో ఉండేవాళ్లు పెళ్లి ముహూర్తాల నెలలు చూసుకోవాలి. జీఎస్టీ రిటర్నులు వేసే పద్దులవాళ్లకు ప్రతి నెలా 20వ తేదీ వరకు ఊపిరాడదు, తర్వాత పది రోజులు దొరుకుతాయి. సచివాలయంలో వాళ్లకు నెల మొదట్లో పింఛన్ల పంపిణీ. గోడ క్యాలెండరు మీద ముందుగా మీ పని ఒత్తిడి ఉండే రోజులు ఎర్రపెన్నుతో గీయండి. మిగిలిన రోజులే మీ చదువు రోజులు.

ఇక మీడియం. ఇగ్నోలో ఎక్కువ కోర్సులు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు పుస్తకాలు ఏ భాషలో ఇస్తారు, పరీక్ష ఏ భాషలో రాయనిస్తారు అని రెండు ప్రశ్నలూ చేరకముందే అడగండి. ఇంగ్లీషు బొత్తిగా రాకపోతే తెలుగు మీడియం ఇచ్చే రాష్ట్ర యూనివర్సిటీని చూడటం తప్పేమీ కాదు. కొద్దిగా వచ్చినా నేనైతే ఇంగ్లీషులోనే చదవమంటాను. మొదటి ఆరు నెలలు కష్టం. ఆ తర్వాత అవే మాటలు పదేపదే వస్తాయి, అలవాటవుతుంది.

4. అడ్మిషన్ ఫారం మీరే నింపండి

నెట్ సెంటర్‌కు వెళ్లినా పక్కన కూర్చుని నింపించండి. పాస్‌వర్డ్ మీ నోటుబుక్కులో రాసుకోండి. కట్టిన ఫీజు రసీదు ప్రింటు తీసి అట్ట ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి. స్టడీ సెంటర్ (యూనివర్సిటీ తరఫున ఊళ్లో పనిచేసే కేంద్రం) ఎంచుకునేటప్పుడు ఇంటికి దగ్గరదా, పనికి దగ్గరదా అని ఆలోచించండి. అసైన్‌మెంట్లు, అంటే ఇంటి దగ్గర రాయాల్సిన జవాబులు, అక్కడే ఇవ్వాలి, పనిరోజుల్లోనే తీసుకుంటారు.

5. రోజుకు ఎంత చదవాలి?

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 6 క్రెడిట్ల పేపరు అంటే 180 గంటలు. ఆరు నెలలంటే ఇంచుమించు 180 రోజులు. అంటే ఒక పేపరుకు రోజుకు ఒక గంట. నాలుగు పేపర్లు పెట్టుకుంటే రోజుకు నాలుగు గంటలు కావాలి. పనిచేసే మనిషికి అది కుదరదు. అందుకే ఒక పరీక్షకు రెండు పేపర్లు, మహా అయితే మూడు అంటున్నాను. నాకు మొబ్బున నాలుగున్నర నుంచి ఆరు దాకా సరిపోయింది. రాత్రి చదవబోతే పుస్తకం మీదే తల వాల్చేవాణ్ణి. ఉదయం షిఫ్టు ఉన్నవాళ్లు మధ్యాహ్నం తిన్నాక కాకుండా, తినకముందు ఒక గంట పెట్టుకోండి.

పుస్తకాలు ఆలస్యమైతే ఎదురుచూస్తూ కూర్చోకండి. ఇగ్నో పాఠాలు చాలావరకు దాని ఈ-జ్ఞానకోశ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఒక యూనిట్ ప్రింటు తీయించుకుంటే ఆదోని నుంచి కర్నూలు వెళ్లే బస్సులో చదివేయొచ్చు.

6. అసైన్‌మెంట్లు: ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు

మార్కుల లెక్క ముందు తెలుసుకోండి. ఇగ్నో డిగ్రీ కోర్సుల్లో సాధారణంగా అసైన్‌మెంటుకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. అసైన్‌మెంటులో 80, పరీక్షలో 50 వస్తే 24, 35 కలిపి 59. బాగుంది. అసైన్‌మెంటులో 90 వచ్చి పరీక్షలో 30 వస్తే కూడినప్పుడు 48 అవుతుంది, అయినా ఆ పేపరు పోయినట్టే. ఎందుకంటే రెండింటిలో విడివిడిగా 35 రావాలి. పరీక్ష బాగా రాసి అసైన్‌మెంటు ఇవ్వకపోయినా అంతే, పేపరు పూర్తి కాదు.

చేయాల్సినవి ఇవి:

- మీ సెషన్‌కు ఇచ్చిన ప్రశ్నలే డౌన్‌లోడ్ చేసుకోండి. పోయినేటివి రాస్తే తీసుకోరు. ప్రశ్నపత్రం పైన సెషన్ రాసి ఉంటుంది, రెండుసార్లు చూడండి.
- చేతితోనే రాయండి. టైపు చేసి ఇవ్వద్దు. డబ్బుకు రాసిపెట్టేవాళ్ల దగ్గర కొనొద్దు. ఒకే జవాబు పదిమందిది కనబడితే దిద్దేవాళ్లకు తెలిసిపోతుంది. పైగా ఆ జవాబులు మీ చేత్తో రాసి ఉంటే సగం పరీక్షకు చదివేసినట్టే.
- ఒక్కో పేపరు విడిగా కుట్టండి. మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, పేరు, ప్రోగ్రామ్ (అంటే డిగ్రీ) కోడ్, కోర్స్ (అంటే పేపరు) కోడ్, స్టడీ సెంటర్ కోడ్ రాయండి.
- ఇచ్చే ముందు ప్రతి పేజీ జెరాక్స్ తీయించండి. డబ్బు దండగ అనిపిస్తుంది, ఐనా తీయించండి.
- ఇచ్చినప్పుడు ముద్ర, తేదీ ఉన్న రసీదు తీసుకోకుండా కదలకండి.

జెరాక్స్ సంగతి ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వినండి. రెండో ఏడాది ఒక సెంటర్‌లో మూడు అసైన్‌మెంట్లు ఇచ్చాను. నాలుగు నెలలు చూసినా వెబ్‌సైటులో మార్కులు రెండింటికే వచ్చాయి. వెళ్లి అడిగితే "మూడోది మాకు రాలేదు" అన్నారు. అట్ట ఫైలు తీసి రసీదు చూపించాను. ఆ రసీదు మూల మీద మిల్లులో అంటుకున్న దూది పోగు ఇంకా ఉంది. ముద్ర వాళ్లదే, తేదీ ఉంది, మూడు కోర్స్ కోడ్‌లూ వాళ్ల చేతిరాతే. బల్ల వెనక ఉన్నాయన రసీదును దీపం వెలుతురులో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. "జెరాక్స్ ఉందా బాబూ?" అన్నాడు. ఉంది. దాని మీదే దిద్దించారు, రెండు నెలల్లో మార్కులు పడ్డాయి. రసీదు గానీ, జెరాక్స్ గానీ లేకపోతే ఆ ముప్పై పేజీలు మళ్లీ కొత్త ప్రశ్నలకు రాయాల్సి వచ్చేది.

గడువు సాధారణంగా జూన్ పరీక్షలకు మార్చి, ఏప్రిల్ నెలల్లో, డిసెంబరు పరీక్షలకు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఉంటుంది. తరచూ పొడిగిస్తారు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. పొడిగించేదాకా ఆగినవాళ్లంతా చివరి రోజు ఒకేసారి సెంటర్ ముందు నిలబడతారు.

7. రీ-రిజిస్ట్రేషన్ వేరు, పరీక్ష ఫారం వేరు

ఈ రెండూ ఒకటే అనుకుని ఏడాది పోగొట్టుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

రీ-రిజిస్ట్రేషన్ అంటే వచ్చే ఏడాది లేదా సెమిస్టరుకు పేరు నమోదు చేసుకోవడం. పాసైనా ఫెయిలైనా, అసలు పరీక్షే రాయకపోయినా చేసుకోవచ్చు. "ఫలితాలు రానీ, చూద్దాం" అని ఆగితే తేదీ దాటిపోతుంది. పరీక్ష ఫారం అంటే ఈసారి ఏ పేపర్లు రాస్తారో చెప్పి, ఒక్కో పేపరుకు ఫీజు కట్టడం. ఇది ప్రతి పరీక్షకూ విడిగా నింపాలి.

గోడ క్యాలెండరు మీద రెండింటికీ రెండు రంగులు పెట్టండి. ప్రతి నెలా 1న, 15న యూనివర్సిటీ వెబ్‌సైటు తెరిచి చూడండి. ఎవరో గ్రూపులో పెడతారని ఆధారపడకండి.

8. పరీక్ష రోజులు

మన జిల్లాలో చాలామందికి సెంటర్ దూరం పడుతుంది. ఆదోని నుంచి కర్నూలుకు ఎమ్మిగనూరు మీదుగా వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. పొద్దున పదింటి పరీక్షకు తొలి బస్సును నమ్ముకోవద్దు. ముందురోజు సాయంత్రమే వెళ్లి చుట్టాల ఇంట్లోనో, బస్టాండు దగ్గర లాడ్జిలోనో పడుకోండి. మధ్యాహ్నం రెండింటి పరీక్ష అయితే పొద్దున బయల్దేరినా చాలు.

సెలవు గురించి యజమానికి టైంటేబుల్ వచ్చిన రోజే చెప్పండి, ప్రింటు చేతికివ్వండి. మా సేటుకు నేను ముందురోజు రాత్రి చెప్పినప్పుడు కోపం వచ్చింది. తర్వాతి ఏడాది నెల ముందు టైంటేబుల్ ఇస్తే తనే ఆ తేదీలకు వేరేవాణ్ణి కాటా దగ్గర పెట్టాడు. మనం చదువుకుంటామంటే వద్దనేవాళ్లు తక్కువ, వాళ్ల పని ఆగకుండా చూస్తే చాలు.

హాల్ టికెట్, యూనివర్సిటీ గుర్తింపు కార్డు, ఆధార్ మూడూ పట్టుకెళ్లండి. జవాబు పత్రం మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్స్ కోడ్ రాశాక హాల్ టికెట్‌తో అంకె అంకె పోల్చండి. ఏళ్ల తర్వాత పెన్ను పట్టేవాళ్లకు మూడు గంటలు ఏకబిగిన రాయడం చేతకాదు, వేళ్లు లాగేస్తాయి. అందుకే పరీక్షకు ముందు రెండు ఆదివారాలు పాత ప్రశ్నపత్రం తీసి గడియారం ముందు పెట్టుకుని పూర్తిగా రాయండి.

9. ఫలితం సరిచూసుకోండి

ఫలితాలు విడతలుగా వస్తాయి. ఒక పేపరు కనబడలేదని కంగారు పడకండి, అలాగని మరిచిపోకండి. నోటుబుక్కులో పేపరుకు ఒక వరస గీసి నాలుగు గళ్లు పెట్టండి: అసైన్‌మెంటు ఇచ్చిన తేదీ, దాని మార్కులు, పరీక్ష రాసిన తేదీ, దాని మార్కులు. గ్రేడ్ కార్డు తెరిచి ఒక్కో గడి నింపండి. ఖాళీగా మిగిలిన గడే మీరు తిరగాల్సిన పని. రాసిన పరీక్షకు "హాజరు కాలేదు" అని పడినా, అసైన్‌మెంటు మార్కులు పడకపోయినా రసీదు, హాల్ టికెట్ స్కాన్ చేసి రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. మార్కులు మరీ తక్కువ అనిపిస్తే పునర్మూల్యాంకనం అడగొచ్చు, దానికీ గడువుంది.

అన్ని గళ్లూ నిండాక ప్రొవిజనల్ సర్టిఫికెట్ వస్తుంది, అసలు డిగ్రీ స్నాతకోత్సవం తర్వాత. చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, కోర్సు పేరు, సంవత్సరం పదో తరగతి మెమో పక్కన పెట్టి చదవండి. తప్పుంటే ఆ వారంలోనే మెమో జెరాక్స్ జతచేసి రాయండి. లామినేషన్ మాత్రం చేయించకండి. వెరిఫికేషన్‌లో ముద్ర, సంతకం, కాగితం తడిమి చూస్తారు. ప్లాస్టిక్ కవరు ఉన్న ఫైలులో పెట్టుకుంటే చాలు.